జమ వైపు చూచిన భక్తుడు - జార్జి ముల్లర్

మనసు నిండా దిగులున్నప్పుడు దేవునికి కృతజ్ఞత చెప్పటం సాధ్యమా? మన సంఘంలోని క్రైస్తవ మిత్రులు తరచు అడిగే ప్రశ్న ఇది. సర్వీసంతా జమాఖర్చుల పుస్తకాలతో గడిపిన నాకు దీనికి సమాధానం జార్జి ముల్లర్ జీవితంలో దొరికింది.

ముల్లర్ 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశంలో జన్మించారు. తండ్రి ప్రభుత్వ పన్నుల వసూలు ఉద్యోగి. పదేళ్లు నిండకముందే కుమారుడు తండ్రి వద్దనున్న సర్కారు సొమ్ము కాజేసేవాడు. పదహారేళ్లకు హోటలు బాకీ ఎగవేసి జైలుపాలయ్యాడు. 1825లో హాలే పట్టణంలో చదువుకుంటుండగా ఒక ఇంట జరిగిన ప్రార్థన కూటంలో ఆయన మనసు మారింది. ఇంగ్లండు చేరి 1830లో మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడారు. ఆమె అన్నగారు ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ 1836లో వెంటబెట్టుకొని వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే మన నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు ఆద్యులు.

అదే 1836లో ముల్లర్ బ్రిస్టల్ నగరంలో అనాథ శరణాలయం తెరిచారు. చందా అడగరాదు, అప్పు చేయరాదు, అవసరాన్ని దేవునికే విన్నవించాలి. ఇవీ ఆయన నియమాలు. 1838 నుండి కొన్నేళ్లు, పొద్దుటికి చేతిలో సొమ్ము లేక, పూటకు కావలసింది ఆ పూటకే సమకూడిన రోజులెన్నో. అటువంటి రోజుల్లో కూడా వచ్చిన ప్రతి పెన్నీనీ, ప్రతి వస్తువునూ తేదీతో సహా జమ వ్రాసి, దేవునికి వందనాలు చెప్పేవారు. 1841 చివర నిధులు అడుగంటితే, లెక్క చదవటమే యాచన అవుతుందని వార్షిక సభనే వాయిదా వేశారు.

1870 నాటికి ఆష్లీ డౌన్‌లో అయిదు భవనాలు, 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడ్డాయి. ఆ ఏడు ఫిబ్రవరి 6న మేరీగారు కీళ్లవాత జ్వరంతో కన్నుమూశారు. దాదాపు నలభై ఏళ్ల సంసారం. ఆ తరువాతి ప్రార్థన కూటంలోనే ముల్లర్ లేచి, ఆమెకు బాధ నుండి విముక్తి కలిగినందుకు తనతోపాటు దేవుని స్తుతించమని అందరినీ కోరారు. దుఃఖం లేక కాదు. ఇన్నేళ్లు ఆమె తనకు తోడుండటం కూడా జమేనని ఆయన మరువలేదు.

దిగులుకు ఖర్చు వైపే కనబడుతుంది. కృతజ్ఞత జమ వైపు కూడా చూపిస్తుంది. అది ఖర్చును కొట్టివేయదు, పుస్తకాన్ని పూర్తి చేస్తుంది. పౌలు సైతం చెరసాల నుండి ఫిలిప్పీ సంఘానికి వ్రాస్తూ విన్నపాన్నీ కృతజ్ఞతనూ ఒకే చోట చేర్చాడు. ఒకటో తారీకు కోసం, డాక్టరు రిపోర్టు కోసం, దూరాన ఉన్న పిల్లల కబురు కోసం ఎదురుచూచే మనం, రాత్రి ప్రార్థనలో కోరికల కన్నా ముందు ఆనాటి జమ ఒక్కటైనా చెప్పుకొనవచ్చు.

ముల్లర్ 1898 మార్చి 10న, 92 ఏళ్ల వయసులో పరమపదించారు. ముందురోజు సాయంకాలం కూడా ప్రార్థన కూటం నడిపారు. ఆయన చేతుల మీదుగా దాదాపు 15 లక్షల పౌన్లు ఖర్చయ్యాయి. సొంత ఆస్తిగా మిగిలింది, ఇంటి సామానుతో కలిపి, 170 పౌన్లకు లోపే.