నిలబడ్డ మనిషిని చూపించిన వెసాలియస్

ఆండ్రియాస్ వెసాలియస్ 1514 డిసెంబరు 31న బ్రస్సెల్స్ నగరంలో పుట్టాడు. తండ్రి చక్రవర్తి కొలువులో మందులు తయారుచేసేవాడు. కొడుకు పారిస్ వెళ్ళి వైద్యం చదివాడు. ఆ రోజుల్లో వైద్యం అంటే గాలెన్ రాసిన పుస్తకాలే. గాలెన్ అప్పటికి 1,300 ఏళ్ళ కిందటి గ్రీకు వైద్యుడు. మనిషి శవాన్ని కోసి చూసే వీలు లేక కోతుల్నీ పందుల్నీ కోసి, మనిషి లోపల కూడా ఇంతే అని రాసిపెట్టాడు. పంతులుగారు ఎత్తయిన కుర్చీలో కూర్చుని ఆ పుస్తకం చదివేవారు. కింద ఒక క్షురకుడు శవాన్ని కోసేవాడు. చదివేవారు శవం వైపు చూడరు, కోసేవాడికి ఆ చదువు రాదు. ఇంక తప్పు ఎవరికి దొరుకుతుంది చెప్పండి!

వెసాలియస్‌కి ఇది నచ్చలేదు. 1536లో లూవెన్ ఊరి బయట ఉరికంబానికి ఒక అస్థిపంజరం వేలాడుతూ కనిపిస్తే, ఎముకల్ని ముక్కలుగా దొంగచాటున ఇంటికి చేరవేశాడు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మరుసటి ఏడాది ఇటలీలోని పాదువాలో పట్టా వచ్చింది, వెంటనే అక్కడే పంతులు ఉద్యోగం. అప్పటికి 23 ఏళ్ళు కూడా నిండలేదు. కుర్చీ దిగి, కత్తి తనే పట్టుకుని పాఠం చెప్పాడు.

1538లో ఆరు పటాలు అచ్చువేయించాడు. మన సైన్సు గదిలో వేలాడే చార్టుల్లాంటివే. వాటిలో మనిషి కాలేయానికి అయిదు భాగాలు గీయించాడు. అది జంతువుల కాలేయం! గాలెన్ మాట అంతగా పట్టుకుని ఉంది. తర్వాత 1540లో బొలోన్యాలో కోతి అస్థిపంజరాన్నీ మనిషి అస్థిపంజరాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించాడు. 1543లో బాసెల్ నగరంలో ఏడు భాగాల పెద్ద పుస్తకం వచ్చింది. మనిషి కింది దవడ రెండెముకలు కాదు, ఒకటే అని అందులో ఉంది. బొమ్మల్లో ఒక్కో భాగం మీద అక్షరం వేసి, ఆ అక్షరం పక్కన వివరం రాశాడు. కండరాలకైతే పేర్లకు బదులు ఒకటి, రెండు అని లెక్క పెట్టాడు.

ఎందుకంటే అప్పట్లో ఒకే భాగానికి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టేవాళ్ళు. అది ఏ వైపు ఉందో చెప్పడం ఇంకా చిక్కు. కప్ప పాఠంలో పూర్వాంతం అంటే తలవైపు అని చదివాం గదా? డాక్టర్లు మనిషికి యాంటీరియర్ అంటే ఛాతీవైపు, పోస్టీరియర్ అంటే వీపువైపు. మనిషి లేచి నిలబడ్డాడు కాబట్టి మాట కూడా తిరిగింది. అందుకే ఇప్పుడు డాక్టర్లందరిదీ ఒకటే ఒప్పందం. మనిషి నిటారుగా నిలబడి, ఎదురుగా చూస్తూ, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నట్టే అనుకోవాలి. రోగి బోర్లా పడుకున్నా సరే వీపు పోస్టీరియరే. నడిమి గీతకు దగ్గరైతే మీడియల్, దూరమైతే లేటరల్.

ప్రాక్సిమల్, డిస్టల్ అనేవి నాకు మన వాగుతో అర్థమయ్యాయి. భుజం ఊట అనుకోండి. మోచెయ్యి ఎగువ, మణికట్టు దిగువ. చెయ్యి పైకెత్తినా మణికట్టు దిగువే, అంటే డిస్టల్.

కుడి ఎడమలు రోగివి, చూసేవాళ్ళవి కావు. చార్టులో గుండె మనకు కుడివైపుకు కనపడేది అందుకే. ఇది తెలియకపోతే, తియ్యాల్సింది ఎడమ మూత్రపిండమైతే కుడిది తీసేస్తారు. మిగిలిన ఒక్క మంచిదీ పోతే మనిషి బతకడం కష్టం.

ఈ మాటలన్నీ వెసాలియస్ పెట్టినవి కావు. శరీర భాగాల పేర్లు అందరికీ ఒకే తీరుగా ఉండాలని పండితులు జాబితా ఒప్పుకున్నది 1895లో, అదీ బాసెల్‌లోనే. ఆయన మాత్రం పుస్తకం వచ్చాక చక్రవర్తి అయిదో చార్లెస్‌కి, తర్వాత ఆయన కొడుకు రెండో ఫిలిప్‌కి వైద్యుడిగా పనిచేశాడు. 1564లో జెరూసలేం యాత్ర నుంచి తిరిగొస్తూ గ్రీకు దీవి జకింథోస్‌లో చనిపోయాడు. 49 ఏళ్ళు. 1543లో తన చేతుల్తో ఎముకలు కూర్చి నిలబెట్టిన ఒక మనిషి అస్థిపంజరం బాసెల్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.