బర్ట్ మన్రో

బర్ట్ మన్రో (1899 మార్చి 25 - 1978 జనవరి 6) న్యూజీలాండ్ దేశానికి చెందిన మోటారు సైకిలు పందెగాడు. 1920లో కొన్న ఒకే మోటారు సైకిలును దాదాపు అర్ధ శతాబ్దం పాటు తన చేతులతోనే మారుస్తూ, 1967లో, తన 68వ ఏట, అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో 1000 సీసీ లోపు తరగతిలో వేగపు రికార్డు నెలకొల్పాడు. ఇతనికి ఇంజనీరింగు పట్టా లేదు. పెద్ద కంపెనీల అండ లేదు. జీవితంలో చాలా భాగం చేతిలో డబ్బు కూడా లేదు. పోటీ మీద ఆసక్తి ఉండి, గెలుపు మాత్రం ఎప్పుడో గాని దక్కని సామాన్య పందెగాళ్ళు ఇతని జీవితాన్ని ఇప్పటికీ ప్రత్యేకమైన ఆసక్తితో చదువుతారు.

రాయలసీమ పాఠకులకు మన్రో అనగానే దత్తమండలాల కలెక్టరుగా, తరువాత మద్రాసు గవర్నరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో, తిరుమలలో అతని పేరుతో పిలిచే మన్రో గంగాళం గుర్తుకు రావడం సహజం. ఈ వ్యాసం ఆయన గురించి కాదు.

బాల్యం

ఇతని పూర్తి పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. న్యూజీలాండ్ దక్షిణ ద్వీపపు దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో జన్మించాడు. కవల సోదరి పుట్టుకలోనే మరణించింది. దగ్గరలోని ఈడెన్‌డేల్ వద్ద కుటుంబానికి వ్యవసాయ క్షేత్రం ఉండేది. బాల్యమంతా అక్కడే గడిచింది. క్షేత్రంలోని గుర్రాలన్నిటిలో వేగంగా పరుగెత్తేదాన్ని ఎంచుకుని తండ్రి వారిస్తున్నా స్వారీ చేసేవాడు. అప్పుడప్పుడు రైలెక్కి ఇన్వర్‌కార్గిల్ రేవుకు వెళ్ళడమే అతనికి పెద్ద పండుగ. కార్లు, మోటారు సైకిళ్ళు, విమానాలు ఒక్కొక్కటిగా ఆ ప్రాంతానికి వస్తున్న కాలమది.

వయసు రాగానే మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి లోకం చూడాలనుకున్నాడు కాని ఆ కోరిక తీరకుండానే యుద్ధం ముగిసింది. తండ్రి పొలం అమ్మివేయగా కొంతకాలం ఓటిరా సొరంగ నిర్మాణంలో కూలిపని చేశాడు. తండ్రి కొత్త పొలం కొని పిలిపించడంతో తిరిగి వెళ్ళాడు.

ఇండియన్ స్కౌట్

1920లో మన్రో కొత్త ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలును కొన్నాడు. పేరు చూసి ఇది మన దేశపు బండి అని పొరబడేవారు చాలామంది ఉన్నారు. దీనికి, భారతదేశానికి సంబంధం లేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హెండీ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ ఈ బళ్ళను తయారుచేసేది. ఇండియన్ అంటే ఇక్కడ అమెరికా ఆదివాసి అని అర్థం. స్కౌట్‌ను రూపొందించినవాడు చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐర్లండు దేశపు ఇంజనీరు. ఆంగ్ల అక్షరం V ఆకారంలో అమర్చిన రెండు సిలిండర్లు, సుమారు 600 సీసీ సామర్థ్యం, మూడు గేర్లు ఉండేవి. మన్రో కొన్నది ఆ కర్మాగారం నుంచి వెలువడిన 627వ స్కౌట్. దాని గరిష్ఠ వేగం గంటకు 89 కిలోమీటర్లు.

ఆ కాలానికి అది తక్కువ వేగమేమీ కాదు. మన్రోకు మాత్రం చాలలేదు. 1926 నుంచి బండిని విప్పి మార్చడం మొదలుపెట్టాడు. ఆ పని అతను చనిపోవడానికి కొద్దికాలం ముందు వరకు ఆగలేదు.

కొంతకాలం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పందాలలో పాల్గొన్నాడు. మహా ఆర్థిక మాంద్యం రావడంతో మళ్ళీ పొలానికే చేరుకున్నాడు. తరువాత మోటారు సైకిళ్ళ దుకాణంలో అమ్మకందారుగా, మెకానిక్కుగా కుదిరాడు. పగలు ఉద్యోగం, రాత్రి బండి మరమ్మతు, సెలవు దినాన ఇన్వర్‌కార్గిల్ దగ్గరి ఓరెటీ సముద్రతీరపు ఇసుకలో పరుగు: ఏళ్ళ తరబడి ఇదే అతని దినచర్య. 1938లో మొదటిసారి న్యూజీలాండ్ జాతీయ వేగపు రికార్డు సాధించాడు. తరువాతి కాలంలో మరో ఏడు జాతీయ రికార్డులు అతని పేర నమోదయ్యాయి. 1936లో తయారైన వెలోసెట్ బండి కూడా ఇతనికి ఉండేది. దాన్నీ ఇలాగే మార్చాడు, కాని పేరు తెచ్చినది మాత్రం స్కౌటే.

ఈ దినచర్యకు కుటుంబం మూల్యం చెల్లించింది. భార్య ఫ్లోరెన్స్ బెరిల్‌తో ఇతనికి నలుగురు పిల్లలు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి సంవత్సరాలలో వివాహం విడాకులతో ముగిసింది, ఉద్యోగమూ పోయింది. మన్రోను పట్టుదలకు నమూనాగా పిల్లలకు చెప్పేటప్పుడు పెద్దలు సాధారణంగా ఈ భాగాన్ని దాటవేస్తారు. దాటవేస్తే అతని జీవితం సగమే తెలిసినట్లు. 1940ల చివరలో అతను ఒక చిన్న గ్యారేజీలోకి మారి, పడక, పొయ్యి, పనిముట్లు అన్నీ ఒకే గదిలో పెట్టుకుని ఆ బండితోనే జీవించసాగాడు.

గ్యారేజీలో పని

కొత్త భాగాలు కొనే స్తోమత అతనికి లేదు. పైగా 1953లో ఇండియన్ కంపెనీ ఉత్పత్తి ఆపివేసింది. అప్పటికే ముప్పై ఏళ్ళు దాటిన నమూనాకు విడిభాగాలు అడిగేందుకు కూడా ఎవరూ మిగలలేదు. అందువల్ల కావలసినదాన్ని తానే తయారుచేసుకున్నాడు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి లోహం కరిగించి పిస్టన్లు పోతపోశాడు. పోత ఇనుప గొట్టాలను తొలిచి సిలిండర్లు చేశాడు. పాత ట్రాక్టరు ఇరుసు ఉక్కును చేత్తో చెక్కి, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీలను తయారుచేశాడు. ఫ్లైవీలు కూడా సొంత తయారీయే. కొలతలకు మైక్రోమీటరు బదులు అరగదీసిన ఒక చక్రపు పుల్లను వాడేవాడు. ఇంటిలో ఉన్న వస్తువుతో పని గడుపుకోవడం మన ఊళ్ళ మెకానిక్కులకూ కొత్త కాదు కాని, గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన తిరిగే యంత్రంలో ఆ పని చేయడం వేరు.

అతను చేసిన మార్పులలో ముఖ్యమైనది వాల్వులకు సంబంధించినది. స్కౌట్ ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కన ఉండేవి. అలాంటి అమరికలో ఇంధన మిశ్రమం మలుపు తిరిగి లోపలికి రావాలి; మిశ్రమాన్ని గట్టిగా అదమడానికి కూడా వీలుండదు. మన్రో ఆ వాల్వులను సిలిండరు తల మీదికి మార్చాడు. అప్పుడు మిశ్రమం నేరుగా లోపలికి వస్తుంది, ఎక్కువ ఒత్తిడిలో మండుతుంది, బలం పెరుగుతుంది. దానితోపాటు సిలిండర్లను దశలవారీగా పెద్దవి చేస్తూ 600 సీసీ ఇంజనును చివరికి 950 సీసీ వరకు తెచ్చాడు. బలం పెరిగిన కొద్దీ పాత భాగాలు ఓర్చుకోలేక విరిగిపోయేవి. ఒక చోట బిగిస్తే మరోచోట పగిలేది. కొన్నిసార్లు నెలల తరబడి చేసిన భాగం ఒక్క పరుగులో ముక్కలయ్యేది.

అలా పాడైన పిస్టన్లు, కడ్డీలు, సిలిండర్లను పారవేయకుండా ఒక అరలో వరుసగా పెట్టి, వేగ దేవుడికి నైవేద్యం అనే అర్థం వచ్చే మాటలు ఆ అరపై రాసుకున్నాడు. ఇది హాస్యమే గాని, అందులో ఉపయోగం కూడా ఉంది. ఏ భాగం ఎక్కడ చీలిందో, ఎక్కడ కరిగిందో చూస్తే తరువాతి భాగాన్ని ఎక్కడ మందంగా పోయాలో తెలుస్తుంది. ఓడిన పోటీలను మరిచిపోవాలని చూసే పందెగాడికి ఈ అర వింతగా తోచవచ్చు.

బోనవిల్ యాత్రలు

బోనవిల్ ఉప్పు మైదానం అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉంది. ఒకప్పటి మహా సరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు పొర అది. సముద్రమట్టానికి సుమారు 1,280 మీటర్ల ఎత్తున, చెట్టూ గుట్టా లేకుండా కనుచూపు మేర చదునుగా ఉంటుంది. ఎంత వేగమైనా అందుకుని, తిరిగి నెమ్మదించడానికి చోటు ఉండడం వల్ల వేగపు రికార్డులకు అది ప్రసిద్ధి పొందింది. 1949 నుంచి అక్కడ స్పీడ్ వీక్ పేరుతో వేసవి పోటీలు జరుగుతున్నాయి. రికార్డు గుర్తించాలంటే ఒక దిశలో పరుగెత్తి, మళ్ళీ ఎదురు దిశలో పరుగెత్తాలి. రెండింటి సగటునే లెక్కలోకి తీసుకుంటారు. గాలి వాటు వల్ల కలిగే లాభం దీనితో రద్దవుతుంది.

మన్రో 1957లో మొదటిసారి అక్కడికి వెళ్ళాడు, అదీ చూడడానికి మాత్రమే. అతని పేరు ముందు బెర్ట్ అని ఉండేది. ఆ ఏడు ఒక అమెరికన్ పత్రిక దాన్ని బర్ట్ అని అచ్చువేయగా అతను దానినే ఉంచుకున్నాడు. మొత్తం మీద పదిసార్లు బోనవిల్ వెళ్ళి తొమ్మిదిసార్లు పోటీలో పాల్గొన్నాడు. 1950ల చివరి నాటికే అతనికి గుండెనొప్పి మొదలైంది. ఆ స్థితిలో, దాచుకున్న కొద్దిపాటి డబ్బుతో, బండితో సహా సముద్రం దాటి వెళ్ళేవాడు. అక్కడ పరిచయమైన తోటి పందెగాళ్ళు చాలా సాయం చేశారు.

1962లో, 63వ ఏట, ఇంజనును 850 సీసీకి పెంచి 883 సీసీ తరగతిలో గంటకు 288 కిలోమీటర్ల రికార్డు సాధించాడు. ఆ తరువాత వెంటనే మరో విజయం రాలేదు. నాలుగేళ్ళకు, 1966లో, 920 సీసీ ఇంజనుతో 1000 సీసీ తరగతిలో 270.476 కి.మీ. రికార్డు వచ్చింది. అంకెలు గమనిస్తే ఇది తన 1962 నాటి వేగం కన్నా తక్కువ. ఇంజను పెద్దదైనా బండి వెనకబడింది. చాలామంది సామాన్య పందెగాళ్ళు ఇలాంటి చోటనే ఆట మానుకుంటారు. మన్రో ఇంటికి వెళ్ళి సిలిండర్లను మరికొంత పెద్దవి చేశాడు.

1967లో 950 సీసీ ఇంజనుతో తిరిగి వచ్చాడు. చేప ఆకారంలో బండిని కప్పే తొడుగులో దాదాపు పడుకుని నడపాలి. అర్హత కోసం చేసిన ఏకదిశ పరుగులో 305.89 కి.మీ. వేగం అందుకున్నాడు. ఇండియన్ బండి మీద అధికారికంగా నమోదైన అత్యధిక వేగం అది. రెండు దిశల సగటు 295.453 కి.మీ.గా ప్రకటించారు. ఆ వేగంతో వెళితే తిరుపతి నుంచి చిత్తూరుకు పావుగంట లోపే చేరుకోవచ్చు. ఆ ఏడాదే ఒక పరుగులో సగం దారి దాటాక బండి అటూ ఇటూ ఊగసాగింది. వేగం తగ్గించడానికి నిటారుగా లేస్తే గాలి కళ్ళద్దాలను లాక్కుపోయింది, చూపు ఆనలేదు. దారి తప్పి ఒక ఇనుప గుంజను వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. చివరికి బండిని తానే పక్కకు పడవేసి చిన్న గాయాలతో బయటపడ్డాడు.

ఏమి సాధించాడు?

మన్రో గురించి రాసేవారు ఇతన్ని ప్రపంచంలోకెల్లా వేగవంతుడని చెప్పడం కద్దు. అది సరికాదు. 1966 ఆగస్టులోనే బాబ్ లెపాన్ అనే అమెరికన్ పందెగాడు రెండు ట్రయంఫ్ ఇంజన్లు అమర్చిన వాహనంతో ఇదే మైదానంలో 395 కి.మీ. సగటు వేగం సాధించాడు. అంటే మన్రో ఏ రోజూ ప్రపంచంలో అగ్రస్థానంలో లేడు. తన తరగతిలో మాత్రమే ముందున్నాడు. 89 కి.మీ. బండితో 1920లో మొదలుపెట్టి, 47 ఏళ్ళలో అదే బండిని మూడు రెట్ల పైన పరుగెత్తించాడు. అతను పోటీ పడినది ముఖ్యంగా తన నిన్నటి అంకెతోనని ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. ముందున్నవాడు ఎంత దూరంలో ఉన్నాడన్నది ఆ లెక్కలోకి రాదు. ఉత్సాహం అంతకాలం నిలవడానికి ఇది ఒక కారణమనిపిస్తుంది. రెండవది, అతనికి పందెం ఏడాదిలో కొద్ది రోజులే, పని మాత్రం ఏడాది పొడుగునా. పందెంలో ఓడినా మరునాడు గ్యారేజీలో చేయవలసినది ఏదో ఒకటి ఉండేది.

మన ప్రాంతంలోనూ ఇటువంటివారికి చోటు ఉండేది. చెన్నైకి ఉత్తరాన నెల్లూరు దారిలో ఉన్న షోలవరంలో, రెండవ ప్రపంచ యుద్ధం నాటి విమాన దారి మీద 1950ల నుంచి చాలాకాలం మోటారు పందాలు జరిగాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాది పందెగాళ్ళకు అదే ముఖ్య వేదిక.

చివరి రోజులు

1977లో మన్రోకు పక్షవాతం వచ్చింది. చేతులు మునుపటిలా స్వాధీనంలో లేకపోవడం అతన్ని బాధించింది. బళ్ళు రెండూ తన ప్రాంతంలోనే ఉండాలని కోరి, ఇన్వర్‌కార్గిల్‌లోని ఒక స్థానిక వ్యాపారికి అమ్మాడు. 1978 జనవరి 6న, 78 ఏళ్ళ వయసులో మరణించాడు. ఇన్వర్‌కార్గిల్‌లోని ఈస్టర్న్ స్మశానవాటికలో, తల్లిదండ్రుల పక్కన సమాధి ఉంది. స్కౌట్ బండిని ఆ ఊరిలోని ఇ. హేస్ అండ్ సన్స్ అనే ఇనుప సామాను దుకాణంలో ప్రదర్శనకు ఉంచారు.

రోజర్ డొనాల్డ్‌సన్ ఇతని మీద 1970ల తొలినాళ్ళలో ఒక డాక్యుమెంటరీ, 2005లో ఆంథొనీ హాప్కిన్స్ నాయకుడుగా వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్ అనే చలనచిత్రం తీశాడు. చిత్రంలో పలు యాత్రల సంఘటనలను ఒకే యాత్రగా కలిపేశారు. మొదటి ప్రయాణంలోనే రికార్డు వచ్చినట్లు చూపారు. కథకు అది బాగుంటుంది గాని, మధ్యలోని విఫల సంవత్సరాలు అందులో కనిపించవు. 2006లో అమెరికన్ మోటారు సైకిలిస్టుల సంఘం అతన్ని తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. ఆ ఏడాదే సౌత్‌లాండ్‌లో ఇతని పేర వార్షిక పోటీలు మొదలయ్యాయి. ఓరెటీ తీరంలో పరుగు వాటిలో ఒకటి.

2014లో, మరణించిన 36 సంవత్సరాలకు, కుమారుడు జాన్ పాత కాగితాలను పరిశీలిస్తూ 1967 నాటి సగటు లెక్కలో పొరబాటు ఉన్నట్లు గమనించాడు. సంఘం దాన్ని సరిచేసి, ఆ రికార్డును 295.453 నుంచి 296.2593 కి.మీ.గా మార్చింది.