డిచ్‌పల్లి డాక్టరమ్మ

జనవరి చివరి ఆదివారాన ప్రపంచమంతటా కుష్ఠు వ్యాధి దినం పాటిస్తారు. ఈ సందర్భంలో మన తెలుగు నేల మీద సేవ చేసిన డాక్టర్ ఇసబెల్ కెర్‌ను జ్ఞాపకం చేసుకుందాం.

ఆమె 1875లో స్కాట్లాండ్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. ఆడవారు వైద్యం చదవడం అరుదైన రోజుల్లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1903లో పట్టా పొందారు. 1907లో భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు.

అప్పట్లో కుష్ఠు రోగిని ఊరు వెలివేసేది, ఇంటివారూ దూరం పెట్టేవారు. అలాంటివారి కోసం ఇసబెల్ 1911లో నిజామాబాద్‌లో ఒక చిన్న కేంద్రం ప్రారంభించారు. వచ్చేవారు ఎక్కువై చోటు చాలలేదు. అప్పుడు నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద విరాళం ఇచ్చారు. ఆ సహాయంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరుచుకుంది. ఈ పరిచర్య చరిత్ర చెప్పేటప్పుడు ఆ దాత పేరు మరచిపోవడం న్యాయం కాదని మా అభిప్రాయం.

కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లతో చికిత్స చేస్తుంటే, ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో అమలు చేశారు. అది నొప్పితో కూడిన, నెలల తరబడి సాగే వైద్యం. అందరికీ నయం కాలేదు. అయినా ఆశ లేని చోట కొంత ఆశ పుట్టింది. 1923లో ఆ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె ప్రభువు సన్నిధికి చేరారు.

ఆమె చూడని రోజులను మనం చూస్తున్నాం. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 6 నుంచి 12 నెలలు మాత్రలు వాడితే వ్యాధి నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందు ఉచితం. 2005 చివరికి మన దేశంలో రోగుల సంఖ్య 10,000 మందికి ఒకరికన్నా తగ్గింది. అయితే వ్యాధి తగ్గిందే గాని పోలేదు. ఇప్పటికీ ఏటా సుమారు లక్ష మందిలో కొత్తగా బయటపడుతోంది.

క్రైస్తవుల విడాకుల చట్టంలో సైతం కుష్ఠు ఒక కారణంగా ఉండేది. దాన్ని 2019లో తొలగించారు. చట్టం మారింది, మరి మన ప్రసంగాలు మారాయా? పాపాన్ని కుష్ఠుతో పోల్చడం మన వేదికల మీద మామూలే. స్పర్శ లేని మచ్చను చొక్కా చేతి కింద దాచుకుని వెనుక వరుసలో కూర్చున్న యువకుడు ఆ మాట విన్న తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళగలడా? ఆలస్యమైతే నరాలు దెబ్బతింటాయి. వ్యాధి పోయినా వేళ్ళు తిరిగి రావు.

యేసు ప్రభువు కుష్ఠురోగిని చెయ్యి చాపి ముట్టాడు. ఇసబెల్ అదే చేశారు. ఈ ఆదివారం ప్రకటనల సమయంలో కాపరులు ఒక్క మాట చెప్పాలని మనవి చేస్తున్నాం: స్పర్శ తెలియని మచ్చ కనబడితే ఆసుపత్రికి వెళ్ళండి, సంఘంలో మీ చోటు మీకు ఉంటుంది.