ఒంటికంటి వైద్యుడు డెనిస్ బర్కిట్



డెనిస్ బర్కిట్ గారు 1911వ సంవత్సరములో ఐర్లాండు దేశమందలి ఎన్నిస్కిల్లెన్ పట్టణములో జన్మించెను. 11వ యేట రాయి తగిలి ఆయన కుడి కన్ను పోయెను. డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఇంజనీరింగు చదువుచుండగా ప్రభువును ఎరిగి, వైద్యవిద్యకు మారెను. ఒంటికంటివాడని ఆఫ్రికా ఉద్యోగము మొదట దొరకలేదు. అయినను 1946లో ఉగాండాకు పోయెను.

1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో 5 ఏండ్ల బాలుని చూచెను. వాని దవడలు ఇరుప్రక్కల వాచియుండెను. తరువాత జింజాలో మరియొక బిడ్డ అదే వాపుతో కనబడెను. ఇది లింఫోమా అను క్యాన్సరని తేలెను. కత్తి దీనిని నయముచేయలేదు, బిడ్డలు చనిపోవుచుండిరి. ఇది ఎక్కడెక్కడ ఉన్నదో తెలిసికొనుటకు 1961లో ఇద్దరు స్నేహితులతో పాత మోటారు బండిలో సుమారు 10,000 మైళ్లు తిరిగెను. మలేరియా విస్తారముగా నున్న వేడి, వాన ప్రాంతములలోనే ఈ జబ్బు కనబడెను.

అదే సంవత్సరము లండనులో ఆయన ప్రసంగము వినిన ఆంథొనీ ఎప్‌స్టీన్ గారు, 1964లో అచాంగ్, ఇవాన్ బార్ అను తోటివారితో కలిసి ఆ కణములలో ఒక వైరస్‌ను కనుగొనెను. మనుష్యుల క్యాన్సరులో కనుగొనబడిన మొదటి వైరస్ ఇదే.

అది చేయు పని యేమి? మన రక్తములో బి కణములను కావలివారు కలరు. వారు ఎముకల మూలుగలో పుట్టి, లింఫు గ్రంథులలో శత్రువును గుర్తించుట నేర్చుకొందురు; పనికిరానివారు చనిపోవుదురు. వైరస్ ఆ కావలివానిలో దాగి, చావవలసినవానిని చావనియ్యదు. మాటిమాటికి వచ్చు మలేరియా వారిని ఎడతెగక పెరుగజేయును. ఆ పెరుగుదలలో 8వ క్రోమోజోము ముక్క తరచుగా 14వ దానికి అతుకుకొనును. అప్పుడు పెరుగుమని చెప్పు జన్యువు ఇక ఊరకుండదు. కాపాడవలసినవాడే దేహమును పాడుచేయును.

ఈ వైరస్ లోకములో పెద్దలలో అధికభాగమునందున్నది. చాలమందికి ఏ హానియు చేయదు. బిడ్డను తాకినందున క్యాన్సరు అంటదు.

బర్కిట్ గారు మందులు ఇచ్చి చూచెను. కొందరు బిడ్డల గడ్డలు కొలది దినములలో కరగిపోయెను. కొందరు బ్రతికి పెద్దవారైరి. ఆయన 1993లో మరణించెను.

పుట్టుగ్రుడ్డివాని గూర్చి శిష్యులు ప్రభువును అడిగిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయములో కలదు. వారు పాపము ఎవరిదని వెదకిరి. ప్రభువు వానికి చూపునిచ్చెను. బర్కిట్ గారును శాపము ఎవరిదని అడుగక, జబ్బు ఎక్కడిదని వెదకెను. కాబట్టి ప్రియులారా, బిడ్డ దవడగాని మెడగాని కడుపుగాని వాచి తగ్గనియెడల, ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవుడి. ఆ బిడ్డ యింటివారిని వెలివేయక, వారితో కూడ నడువుడి.