బర్ట్ మన్రో, మా నాన్న రాజ్‌దూత్, ఒక సీజైన పిస్టన్

థర్డియర్ మొదట్లో ఒక రాత్రి మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టాడు. పేరు 'ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్'. మిల్కా సింగ్ లాంటి మనవాడి కథేదో అనుకుని నేనూ పక్కన చేరాను. తీరా చూస్తే హీరో న్యూజిలాండ్ ముసలాయన! ఇండియన్ అంటే ఆయన బండి పేరట. అమెరికాలో తయారైన 'ఇండియన్ స్కౌట్' అనే మోటార్‌సైకిల్.

మామూలుగా అయితే నవ్వుకుని పడుకునేవాడిని. కానీ అప్పటికి నా మనసు బాలేదు. దానికి కారణం కూడా ఒక పాత బండే.

మా ఇంట్లో నాన్న రాజ్‌దూత్ 175 ఉంది. నా చిన్నప్పుడు నన్ను టాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పిన బండి. తర్వాత కొత్త బండి వచ్చింది, రాజ్‌దూత్ గొడ్లపాకలోకి వెళ్లింది. సెకండియర్ సెలవుల్లో దాన్ని బయటికి లాగాను. నెలన్నర కష్టపడ్డాను. కార్బొరేటర్ విప్పి కడిగా, టాంకులో తుప్పు వదిలించా, వైరింగ్ మార్చా, క్లచ్ ప్లేట్లు వేయించా. ఒకరోజు సాయంత్రం కిక్ కొడితే స్టార్టయింది. నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడి నవ్వారు. ఆ ఊపులో బంకుకెళ్లి టాంకు నింపించాను. టూ స్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోల్లో ఆయిల్ కలపాలి. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే, ఆ రోజు మర్చిపోయాను. కాలవగట్టు దాటేలోపు వెనక చక్రం బిగుసుకుపోయింది. పిస్టన్ సీజైంది. బండిని తోసుకుంటూ ఇంటికొస్తే నాన్న ఒక్క మాటా అనలేదు. తిడితే బాగుండేది. పిస్టన్ విప్పి పాత ఇనుప సామాన్ల బస్తాలో పడేసి హాస్టల్‌కి వచ్చేశాను. నేను మెకానికల్‌కి పనికిరానని డిసైడైపోయాను కూడా.

అందుకే ఆ సినిమా అయ్యాక నిద్ర పట్టలేదు. అందులోని ముసలాయన నిజంగా ఉన్న మనిషి. ఆయన గురించి దొరికినదల్లా చదివాను. మీకూ చెప్పాలనిపించింది.

హెర్బర్ట్ జేమ్స్ మన్రో 1899 మార్చి 25న న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న ఇన్వర్కార్గిల్‌లో పుట్టాడు. అందరూ బర్ట్ అనేవారు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. చిన్నప్పటి నుంచీ వేగమంటే పిచ్చి. పొలంలో ఉన్న గుర్రాల్లో అన్నిటికన్నా వేగంగా పరిగెత్తేది ఏదో చూసి దాన్నే ఎక్కేవాడట. తండ్రికి ఈ పిచ్చి నచ్చేది కాదు.

1920లో కొత్త ఇండియన్ స్కౌట్ కొన్నాడు. 600 సీసీ ఇంజన్, వి ఆకారంలో రెండు సిలిండర్లు. దాని టాప్ స్పీడ్ గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 89 కిలోమీటర్లు. ఈ రోజు మన కాలేజీ పార్కింగ్‌లో ఉన్న చాలా బండ్లు అంతకంటే వేగంగా పోతాయి. 1926 నుంచి ఆయన దాన్ని మార్చడం మొదలుపెట్టాడు. ఇక ఆపలేదు. చెబితే నమ్మబుద్ధి కాదు గానీ, నలభై ఏళ్లు దాటినా అదే బండి, అదే మనిషి.

డబ్బు పెద్దగా ఉండేది కాదు. పగలు మోటార్‌సైకిళ్లు అమ్మే ఉద్యోగం, రాత్రి సొంత బండి మీద పని. కావలసిన పార్టులు కొనలేడు, కొందామన్నా అలాంటివి ఎవరూ తయారు చేయరు. అందుకని తనే చేసుకున్నాడు. పాత డబ్బాలను మూసలుగా పెట్టి అల్యూమినియం కరిగించి పిస్టన్లు పోతపోశాడు. పోత ఇనుప గ్యాస్ పైపుల నుంచి సిలిండర్ బారెళ్లు తీశాడు. కనెక్టింగ్ రాడ్లకి పాత ట్రాక్టర్ ఇరుసు ఉక్కు వాడాడు. కొలతలకి చక్రం పుల్లతో మైక్రోమీటర్ లాంటిది చేసుకున్నాడు. మనకి మెట్రాలజీ ల్యాబులో అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేసిన మైక్రోమీటర్ ఉంది, అయినా రీడింగులు పక్కవాడి రికార్డులోంచి ఎక్కిస్తాం. అది చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

ఇంకా పెద్ద పని ఒకటి చేశాడు. స్కౌట్‌ది సైడ్ వాల్వ్ ఇంజన్. అంటే వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి. గాలి, పెట్రోలు మిశ్రమం వంకర దారిలో లోపలికి రావాలి, కంప్రెషన్ ఒక హద్దు దాటి పెంచలేం. ఆయన వాల్వులను సిలిండర్ నెత్తిన పెట్టి ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌గా మార్చేశాడు. సొంతంగా హెడ్లు, కామ్‌లు, ఫ్లైవీళ్లు, ఆయిల్ సరఫరా అన్నీ చేసుకున్నాడు. ఇంజన్ కాలేజీ ముఖం చూడని మనిషి!

అన్నీ మొదటిసారే పనిచేశాయా? లేదు. పిస్టన్లు కరిగాయి, రాడ్లు విరిగి బయటికొచ్చాయి, బారెళ్లు పగిలాయి. దగ్గర్లోని ఒరెటి బీచ్ ఇసుక మీదికి తీసుకెళ్లడం, పరిగెత్తించడం, ఏదో ఒకటి విరగడం, ఇంటికొచ్చి మళ్లీ చేయడం. ఇదే ఆయన జీవితం. విరిగినవాటిని ఆయన పారేయలేదు. షెడ్డులో ఒక అల్మరా మీద వరసగా పెట్టి, పైన వేగదేవుడికి నైవేద్యాలు అనే అర్థం వచ్చేలా రాసుకున్నాడు. పాడైన ప్రతి ముక్కా ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో కళ్లెదురుగా ఉండేది. మన భాషలో చెప్పాలంటే ఆ అల్మరానే ఆయన ల్యాబ్ రికార్డు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ పిచ్చికి ఖరీదు ఆయన ఒక్కడే కట్టలేదు. 1925లో పెళ్లయింది, నలుగురు పిల్లలు. 1940ల్లో ఆ కాపురం నిలవలేదు. తర్వాత ఉద్యోగం కూడా మానేసి షెడ్డులోనే ఉంటూ బండ్లతో గడిపాడు. అందులోనే మంచం, అందులోనే లేత్. సినిమాలో అది ముచ్చటగా కనిపిస్తుంది. నలుగురు పిల్లల తల్లి వైపు నుంచి చూస్తే అంత ముచ్చటగా ఉండకపోవచ్చు. ఆయన్ని మెచ్చుకుంటూనే ఈ మాట కూడా గుర్తుపెట్టుకోవాలని నాకనిపించింది.

న్యూజిలాండ్‌లో 1938 నుంచే రికార్డులు కొట్టాడు. కానీ ఆయన చూపు అమెరికాలోని బొనవిల్ మీద. యూటా రాష్ట్రంలో అదొక ఉప్పు మైదానం, బల్లపరుపుగా మైళ్ల కొద్దీ. వేగం రికార్డులకి పేరున్న చోటు. అక్కడ రెండు వైపులా పరిగెత్తాలి, రెండిటి సగటునే రికార్డుగా తీసుకుంటారు. గాలి ఒక వైపు సాయం చేస్తే రెండో వైపు అడ్డం వస్తుంది కదా, అందుకు.

1962లో, 63 ఏళ్ల వయసులో, గుండెనొప్పి ఉన్న మనిషి, ఆ పాత బండిని ఓడలో వేసుకుని వెళ్లి గంటకు 288 కిలోమీటర్ల రికార్డు పెట్టాడు. అప్పటికి ఇంజన్ 850 సీసీ. 1966లో ఇంకోటి. 1967లో 950 సీసీతో 295 కిలోమీటర్లు దాటాడు. అర్హత కోసం చేసిన ఒకవైపు పరుగులో 305 కూడా దాటింది. అప్పుడాయన వయసు 68, బండి వయసు 47.

ఒక్క లెక్క వేసి చూడండి. గాలి నిరోధాన్ని ఎదిరించడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం 89 నుంచి 296కి వెళ్తే, ఆకారం మారకపోతే, పవర్ సుమారు 37 రెట్లు కావాలి. అందుకే బండి మొత్తాన్ని కప్పే తొడుగు కూడా చేసి, అందులో బోర్లా పడుకుని నడిపాడు. ఒకసారి ఆ వేగంలో బండి ఊగిపోయింది, తల పైకెత్తితే గాలికి కళ్లజోడు ఎగిరిపోయింది, కళ్లు కనిపించక బండిని పక్కకి పడేయాల్సి వచ్చింది. దెబ్బలు మానాక మళ్లీ బండి పనిలోనే పడ్డాడు.

1977లో పక్షవాతం వచ్చింది. చేతులు మునుపటిలా మాట వినలేదు. బండ్లు తన ప్రాంతం దాటిపోకూడదని ఊళ్లోనే ఒక వ్యాపారికి అమ్మాడు. 1978 జనవరి 6న కన్నుమూశాడు. స్కౌట్ ఇప్పటికీ ఇన్వర్కార్గిల్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో నట్లు, బోల్టుల మధ్య ఉంది. దానికి అంతకంటే తగిన చోటు ఏముంటుంది!

కథ అక్కడితో అయిపోలేదు. 2014లో ఆయన కొడుకు జాన్ పాత కాగితాల్లో 1967 నాటి సగటు లెక్క తప్పని పట్టుకున్నాడు. రికార్డు సంస్థ సరిచూసి 296.26 కిలోమీటర్లుగా దిద్దింది. చనిపోయిన 36 ఏళ్లకి ముసలాయన స్పీడ్ ఇంకొంచెం పెరిగింది. షెడ్డు ఎత్తుకుపోయిన తండ్రి కోసం ఆ లెక్క మళ్లీ చేసింది కొడుకే. నాకు ఆ కథలో అన్నిటికన్నా బాగా తగిలింది ఇదే.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశాను. ఇనుప సామాన్ల బస్తా అమ్మేశారా అని అడిగాను. పిస్టన్ తీసి కడిగి కిటికీలో పెట్టానన్నారు. నేను బస్తాలో వేసిన రోజే తీశారట.

సంక్రాంతికి ఇంటికెళ్లి, బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేశాం. ఈసారి పట్టుకోవడం, బిగించడం ఇద్దరం కలిసే. అమ్మ భోజనానికి పిలిస్తే పని ఆపి లేచాం కూడా, మన్రో దగ్గర ఎలా ఉండకూడదో కూడా నేర్చుకున్నా కదా. కనుమ రోజు నాన్నని వెనక కూర్చోబెట్టుకుని కాలవగట్టు దాటాను. స్పీడు నలభై. ఆయిల్ నేనే కొలిచి కలిపాను, నాన్న మళ్లీ ఒకసారి చూశారు.

గీతలు పడ్డ ఆ పాత పిస్టన్ ఇప్పుడు హాస్టల్లో నా టేబుల్ మీద ఉంది. రూముకి ఎవరొచ్చినా ఇదేంట్రా అని అడుగుతారు. పెట్రోల్లో ఆయిల్ కలపడం మర్చిపోయానని చెప్తా. మొదట్లో చెప్పడానికి మొహమాటంగా ఉండేది, ఇప్పుడు లేదు. మీ దగ్గర కూడా ఫెయిలైన ప్రాజెక్టు, కాలిపోయిన బోర్డు, విరిగిన పార్టు ఏదైనా ఉంటే అప్పుడే పారేయకండి. ఎందుకు పాడైందో తెలిసేదాకా అయినా ఉంచండి.