న్యూయార్క్ హాస్టల్లో బాబాసాహెబ్

డాక్టర్ అంబేద్కర్ గారు కూడా మనలాగే హాస్టల్లో ఉండి చదువుకున్నవారే. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ఉన్నప్పుడు అక్కడి హోటల్‌వాడు ఆయనకు టీ కాదు గదా, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. 1913 ఫిబ్రవరిలో తండ్రి పోయారు. ఆ జూలైలోనే బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ వెళ్ళి, కొలంబియా యూనివర్సిటీలో చేరారు. అప్పుడాయన వయసు 22. అక్కడ అంటరానితనం లేదు. హాస్టల్లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థి తోడయ్యాడు. స్కాలర్‌షిప్‌లోంచే ఇంటికి కొంత పంపేవారు. (ఆ లెక్కలు మనకు కొత్త కాదు.) అర్థశాస్త్రంతో పాటు చరిత్ర, సమాజశాస్త్రం కూడా చదివి, 1915లో ఎం.ఏ. పూర్తి చేశారు.

న్యూయార్క్ నుంచే తండ్రి స్నేహితుడికి ఒక ఉత్తరం రాశారు. మగపిల్లలతో పాటు ఆడపిల్లల్నీ చదివించాలన్నది అందులోని మాట. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చింది మేమే, చెల్లెళ్ళు ఏడులోనో ఎనిమిదిలోనో బడి మానేశారు. మేము ఎక్కువసార్లు చదువుకున్నది ఆ ఉత్తరం గురించే.