ఆసియా బంగారం తెచ్చిన స్కూల్ టీచర్

ఈ నెల మీకు పరిచయం చేస్తున్న సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఇండియా ఫుట్‌బాల్ కోచ్‌గా అందరికీ తెలుసు. కానీ అంతకంటే ముందు ఆయన హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. నాకు ఆయన మీద అభిమానం కలగడానికి మొదటి కారణం అదే.

రహీం గారు 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో డిగ్రీ చదివారు, కాలేజీ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్‌తో మొదలుపెట్టి కొన్ని స్కూళ్లలో పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆ తర్వాత స్కూళ్లలో ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయ్యి, చనిపోయేవరకూ ఆ పనిలోనే ఉన్నారు.

ఆయన నేర్పించిన తీరు అచ్చం మంచి టీచర్ తీరే. కుడికాలి వాటం ఉన్నవాళ్లను ఎడమకాలితోనే ఆడమనేవారు. బంతిని ఒక్కరే తీసుకుపోకుండా వెంటనే పక్కవాడికి అందించాలన్న నియమంతో కుర్రాళ్లకు పోటీలు పెట్టేవారు. తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడు సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఉండేవాడు. ప్రాక్టీసుకు అంత దూరం రాలేనంటే సైకిల్ అద్దెకు రహీం గారే డబ్బులిచ్చారట. ఆ బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది.

1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్‌కు వచ్చినవి ఆరు దేశాలే. రహీం గారి టీమ్ ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తో ఓడించి, ఫైనల్లో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో గెలిచింది. అలా ఆసియా ఫుట్‌బాల్‌లో మొదటి బంగారం మనదే అయింది.

మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. అంత ఘోరంగా ఓడిన కోచ్‌ను మనమైతే ఉంచుతామా? ఆయన 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కూ టీమ్‌ను తీసుకెళ్లారు. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచారు. 1960 రోమ్‌లో గెలుపు దక్కలేదు గానీ ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఒకసారి పీటీఎంలో ఒక తండ్రి, మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చారు, గేమ్స్ పీరియడ్‌లో కూడా మ్యాథ్స్ చెప్పొచ్చు కదా మేడమ్ అని అడిగారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఎందుకంటే యూనిట్ టెస్టుల ముందు సిలబస్ పూర్తి చేయడానికి పీఈటీ సార్‌ను బతిమాలి ఆ పీరియడ్ తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు ఎవరైనా బలరాం లాంటి పిల్లాడు నా క్లాసులో కూర్చుని గ్రామర్ రాసుకున్నాడేమో.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారి ఆరోగ్యం బాగా దెబ్బతింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌పై గెలిచాం గానీ, ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌పై అతను లేకుండానే గెలిచాం. సెమీఫైనల్‌కు రహీం గారు ఎవరూ ఊహించని పని చేశారు. కుట్లున్న తలతో వెనక ఆడటం కష్టమని జర్నైల్‌ను పక్కన పెట్టేయకుండా, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. ఆ మ్యాచ్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. జర్నైల్ ఒక గోల్ కొట్టాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశ అధికారి ఒకరు తప్పుపట్టడంతో ఇండోనేషియా జనం మనమీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా ఎగతాళి కేకలు. ముందు రోజు రాత్రి రహీం గారు ఆటగాళ్లను కూర్చోబెట్టి, తనకు కానుకగా ఆ బంగారం ఇమ్మని అడిగారని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. పీకే బెనర్జీ ఒక గోల్ వేశాడు, కాసేపటికే జర్నైల్ రెండోది వేశాడు. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1తో కానుక ఆయన చేతికి వచ్చింది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం గారు చనిపోయారు. 1970లో బ్యాంకాక్‌లో మనకు కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మాత్రం 1962 తర్వాత మళ్లీ రాలేదు.

ఆయన జీవితం ఆధారంగా 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవ్‌గణ్ రహీం గారిగా చేశారు. సినిమా కాబట్టి కొంత కల్పన ఉంటుంది, ఆదివారం పిల్లలతో కలిసి చూడండి.